రెండు రంగుల్లో ప్రవరుడు

1950ల నుంచి 70ల దాకా అచ్చయిన తెలుగు పుస్తకం ఏదైనా చేతికి దొరికితే, అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కాస్త వాల్చి చూడండి. నల్లగీతల అంచున సిరా కొంచెం చిక్కగా, సన్నటి గట్టు కట్టినట్టు కనిపిస్తుంది. బ్లాకు, అంటే బొమ్మ ఉబ్బెత్తుగా ఉండే లోహపు అచ్చు, కాగితాన్ని నొక్కినప్పుడు సిరా అంచులకు ఒత్తుకుపోయిన గుర్తు అది. తర్వాత వచ్చిన ఆఫ్‌సెట్ పద్ధతిలో, అంటే ఉబ్బెత్తు అచ్చు లేకుండా, వేసిన అట్టకు ఆ గట్టు ఉండదు. ఎక్కడో ఒక మూల ఎరుపు నూలుపోగంత పక్కకు జరిగి, బొమ్మ పెదవి పెదవి మీద కాక గడ్డం మీద పడి ఉంటుంది. అప్పట్లో అది తప్పు. ఇప్పుడు అదే ముద్దొస్తోంది.

ఆ అట్టల అందంలో సగం గీతది, సగం బ్లాకుల లెక్కది. రంగుకో బ్లాకు కావాలి. బ్లాకుకు చదరపు అంగుళాల లెక్కన ధర. వెయ్యి ప్రతుల అట్ట రెండు రంగుల్లో వేయాలంటే ట్రెడిల్ అనే చిన్న అచ్చుయంత్రం మీద కాగితాన్ని రెండు వేల సార్లు చేత్తో పెట్టి తీయాలి. మూడో రంగు కావాలంటే ఇంకో వెయ్యి సార్లు. అందుకని ఆర్టిస్టు కుంచె ముంచక ముందే ఎన్ని రంగులు, ఏ సైజు, టైటిల్ ఎక్కడ, గీత ఎంత లావు అన్నవన్నీ ప్రచురణకర్త, బ్లాకులవాళ్లు, ప్రెస్సువాళ్లు కలిసి తేల్చుకోక తప్పేది కాదు. అట్ట తయారయ్యేది నిజానికి ఆ మాటల్లోనే. కావ్యాలకీ పాత నాటకాలకీ ఈ సంగతి మరీ వర్తిస్తుంది. కొత్త నవల అట్ట కథ ఏమిటో చెప్పకుండా ఊరిస్తే చాలు. కావ్యం కథ అందరికీ ముందే తెలుసు కాబట్టి, అందులో దేన్ని బొమ్మ చేయాలన్నదే అసలు పని.

మనుచరిత్రనే తీసుకోండి. ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వరూధిని. ఆమెను ఒక్కదాన్నే అట్ట మీద నిలబెడితే గోడ కేలండరవుతుంది, పెద్దన ఎక్కడా కనిపించడు. ప్రవరుణ్ణీ ఆమెనూ ఎదురెదురుగా పెడితే నాటకం పోస్టరు. కథ మలుపు తిరిగేది ఎక్కడ? కోరిన చోటికి చేర్చేలా సిద్ధుడు ప్రవరుడి కాళ్లకు పూసిన పసరు హిమాలయపు మంచులో కరిగిపోయిన చోట. కాళ్ల పసరు పోయింది, అరుణాస్పదపురానికి దారీ పోయింది. వరూధిని ఆ తర్వాతే వస్తుంది. రెండు రంగుల అట్టకు ఇంతకంటే మంచి ఘట్టం దొరకదు. మంచుకు బ్లాకు అక్కర్లేదు, కాగితమే మంచు.

ఇక రెండు రంగులు ఏవి? గీతకూ టైటిల్‌కూ నల్లటి నీలం. రెండోది కావి రంగు తీసుకుంటే మనిషి ఒంటికి పనికొస్తుంది, పాదముద్రలకూ పనికొస్తుంది. కానీ పసరంటే ఆకుపచ్చ కదా, కావి ఎందుకు పూశారని అడిగే పాఠకుడుంటాడు. ఉండాలి కూడా. పచ్చ తీసుకుంటే ఒళ్లు కాగితం తెలుపుగానే వదిలి, గీతతోనే మనిషిని నిలబెట్టాలి. అది చెయ్యి తిరిగినవాళ్లకే కుదురుతుంది. పాదముద్రలు పోనుపోను పలచబడాలనుకుంటే ఇంకో చిక్కు. లైన్ బ్లాకుకు నలుపు తెలుసు, తెలుపు తెలుసు, మధ్య రంగు తెలియదు. పలచటి సిరా పూస్తే బ్లాకులో అది నిండు నలుపుగానో ఖాళీగానో తేలుతుంది. కాబట్టి ఆరిపోయిన కుంచెను గరుకు కాగితం మీద ఈడ్చి, తెగిన గీతలతోనో చుక్కలతోనో పలచదనం చూపించాలి. పాత బొమ్మల్లో కనిపించే ఆ చుక్కలూ పొడి కుంచె గీతలూ చాలా వరకు ఇలా పుట్టినవే.

దుస్తుల దగ్గర ఇంకో పేచీ. ప్రబంధాల అట్టల మీదికి సినిమా కిరీటాలు తేలిగ్గా ఎక్కేస్తాయి. ఆర్టిస్టు చేతిలో పెట్టాల్సినవి సినిమా స్టిల్స్ కాదు, లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాల ఫొటోలు. పెద్దన కృష్ణరాయల కొలువువాడు, ఆ చిత్రాలు అచ్యుతరాయల కాలానివి. అంటే ఒకే తరం. ఆ పొడవాటి కుళ్ళాయిలు, చీరల మీది గళ్లూ చారలూ, పక్కవాటుగా తిరిగిన ముఖాల్లో మొనదేలిన ముక్కులు, అన్నీ అక్కడే దొరుకుతాయి. అలాగని ప్రవరుడికి కుళ్ళాయి పెడితే నవ్వుతారు. అతను అగ్రహారపు నిత్యాగ్నిహోత్రి, రాయలవారి ఉద్యోగి కాదు. ఏది ఎవరికి అన్నది పద్యమే చెప్పాలి. అందుకే ఆర్టిస్టుకు కథాసారాంశం రాసి పంపడం మంచి పద్ధతి కాదు. సారాంశం ఇస్తే సారాంశం లాంటి బొమ్మే వస్తుంది. ఆ ఘట్టంలోని పది పన్నెండు పద్యాలు, పక్కన తాత్పర్యం, ఇవి చాలు. వీలైతే ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. బొమ్మ వేసేవాళ్ల చెవికి తగిలే మాట మనం ఊహించినది కాకపోవచ్చు.

కన్యాశుల్కానిది వేరే కష్టం. 1892లో మొదట ఆడారు, 1897లో తొలి కూర్పు, 1909లో బాగా మార్చి పెంచిన రెండో కూర్పు. అట్ట మీద గిరీశం చుట్టతో కనిపించాడా, పుస్తకం హాస్యనాటిక అయి కూర్చుంటుంది. మధురవాణి ఒక్కతే ఉంటే ఇంకో రకం పుస్తకమనుకుంటారు. నాటకానికి పేరు తెచ్చిన పాత్రలూ నాటకం పుట్టడానికి కారణమైన పిల్లలూ వేరువేరు. అమ్మకానికి పెట్టిన సుబ్బి వేదిక మీద పెద్దగా కనిపించదు, కథంతా ఆ పిల్ల చుట్టూనే. అట్ట పైభాగంలో గిరీశం, మధురవాణి, రామప్పపంతులు గుంపుగా ఉండి, వెనక అట్ట మీదికి తిరిగే చోట ఒక చిన్నపిల్ల వీపు మాత్రమే కనిపిస్తే? ముందూ వెనకా కలిపి ఒకే బొమ్మగా ఆలోచించే ఆర్టిస్టుకు ఇలాంటివి తడతాయి. ముందు అట్టకు మాత్రమే డబ్బులిచ్చే ప్రచురణకర్తకు తట్టవు. (వెనక అట్టను పుస్తకాల పట్టికతో నింపే అలవాటు మాత్రం ఎంతమంది చెప్పినా పోలేదు.)

ఇప్పుడు ఆర్టిస్టు బల్ల దగ్గరికి వెళ్దాం.

లైన్ బ్లాకు కోసం బొమ్మను అచ్చు సైజులో వేసేవాళ్లు కాదు, ఒకటిన్నర రెట్లు పెద్దదిగా వేసేవాళ్లు. డెమీ సైజు అట్ట ఐదున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర అనుకుంటే, బొమ్మ ఎనిమిదింబావుకు పన్నెండు ముప్పావు. కెమెరాలో తగ్గించినప్పుడు చేతి వణుకు తగ్గి గీత నున్నబడుతుంది. అయితే గీత లావు కూడా అంతే తగ్గుతుంది. నిబ్బుతో మరీ సన్నగా గీసిన కనురెప్పలు జింకు రేకు మీద యాసిడ్‌లో కరిగి మాయమయ్యేవి. దగ్గర దగ్గరగా గీసిన అడ్డగీతలు మధ్యలో సిరా నిండి మచ్చ కట్టేవి. తెలిసిన ఆర్టిస్టులు కళ్లు సగం మూసి బొమ్మను చూసేవాళ్లు. అలా చూసినప్పుడు ఏ గీతలు కలిసిపోతాయో బ్లాకులోనూ అవే కలిసిపోతాయి.

రెండో రంగుకు ఒరిజినల్ మీద రంగు పూయరు. బొమ్మ నల్ల ఇండియన్ ఇంకుతో ఐవరీ బోర్డు మీద ఉంటుంది. దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి, రెండో రంగు ఎక్కడెక్కడ రావాలో అక్కడ నలుపుతోనే నింపుతారు. ఎర్రగా అచ్చవ్వాల్సినది కూడా నల్లగానే గీయాలి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. రెండు రంగులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడేందుకు రెండింటికీ నాలుగు వైపులా ఒకే చోట కూడిక గుర్తు లాంటి రిజిస్టర్ మార్కులు పెట్టాలి. చుక్కలతో వచ్చే లేత రంగు (టింట్) కావలసిన చోట లేత నీలం పెన్సిల్‌తో గుర్తు పెడితే బ్లాకులవాళ్లు చూసుకుంటారు, కెమెరాకు మాత్రం ఆ నీలం కనిపించదు. ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టామా, అది నిండు నలుపై బ్లాకులోకి ఎక్కి కూర్చుంటుంది.

రంగులు జరగడానికి కారణం ఎప్పుడూ ప్రెస్సువాళ్ల అజాగ్రత్తే కాదు. కాగితం గాలిలో తేమ పీల్చి సాగుతుంది. వానాకాలంలో ఇవాళ పసుపు, రేపు ఎరుపు, ఎల్లుండి నలుపు అని వేస్తే మూడో రోజుకు కాగితమే మారిపోయి ఉంటుంది. దీనికి ఆర్టిస్టులు కనిపెట్టిన విరుగుడు లావుపాటి నల్ల గీత. రంగు ఆ గీత మధ్యదాకా పాకేలా వేస్తే, కొంచెం అటూ ఇటూ జరిగినా గీత కింద దాక్కుంటుంది. మనం పాత శైలి అని మురిసిపోయే ఆ బలమైన నల్ల గీతలో కళ ఎంత, వానాకాలం ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. పసుపు మీద నీలం పడి పచ్చ రావడం, పసుపు మీద ఎరుపు పడి నారింజ రావడం కూడా పొదుపులో భాగమే. రెండు బ్లాకుల ఖర్చుతో మూడో రంగు ఉచితం.

బాపు గీత ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయింది. తక్కువ గీతలు, మధ్య మధ్య ఖాళీ. లైన్ బ్లాకు అడిగేది కూడా అదే. వడ్డాది పాపయ్య దారి వేరు. ఆయన నీటిరంగుల్లోని లేత ఛాయలు లైన్ బ్లాకుకు అందవు, రాగి రేకు మీద చుక్కలుగా చెక్కిన త్రివర్ణ హాఫ్‌టోన్ బ్లాకులు కావాలి. అంగుళానికి 120కి పైగా చుక్కల వరసలుండే ఆ బ్లాకును మామూలు కాగితం మీద వేస్తే చుక్కల మధ్య సిరా నిండి బొమ్మ మురికవుతుంది, దానికి నున్నటి ఆర్ట్ పేపరే గతి. అందుకే వ.పా. బొమ్మలు ఎక్కువగా పత్రికల ముఖచిత్రాలుగా, ప్రత్యేక సంచికల్లో కనిపించాయి. వెయ్యి ప్రతుల కావ్యానికి ఆ ఖర్చు పెట్టడం ఎవరి వల్ల అవుతుంది?

టైటిల్ గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టే. తెలుగు అక్షరం పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, పక్కన కొమ్ము, దీర్ఘం పెట్టుకుని నడుస్తుంది. ఇంగ్లీషు టైటిల్‌కు సరిపోయిన జాగా తెలుగుకు చాలదు. ‘పాండురంగ మాహాత్మ్యం’ రెండు వరుసల్లో పెట్టి చూడండి. త్మ్య కింద రెండు ఒత్తులు దిగుతాయి, ఆ కింద రచయిత పేరులో గుడి పైకి లేస్తుంది, రెండూ ఢీకొంటాయి. ‘ఆముక్తమాల్యద’ను విడగొట్టాలంటే ‘ఆముక్త’ పైన, ‘మాల్యద’ కింద. జాగా కలిసొచ్చిందని ‘ఆముక్తమా’ దగ్గర విరిస్తే అర్థమే విరిగిపోతుంది. చేత్తో అక్షరాలు రాసే కాలంలో ఈ చిక్కులు ఆర్టిస్టే తీర్చేవాడు. ల్య ఒత్తును పక్కకు లాగి బొమ్మలోని పూలదండ చివరగా మార్చడం, త్ర వత్తును పొడిగించి కింది పేరుకు గొడుగు పట్టడం, ఇవన్నీ బొమ్మతోపాటే పుట్టేవి. అక్షరం బొమ్మకు అతికించినట్టు ఉండేది కాదు. బాపు చేతిరాత ఆ తర్వాత ఫాంటుగా వచ్చింది కానీ, చేతిరాతలో ప్రతి ‘క’ పక్క అక్షరాన్ని చూసి కొద్దిగా మారుతుంది, ఫాంటులో మారదు. ఒకే టైటిల్‌లో రెండు ‘త్ర’లు అచ్చం ఒకేలా ఉంటే అది ఫాంటని ఇట్టే తెలిసిపోతుంది.

ఆఫ్‌సెట్ వచ్చాక, ఆ వెనక డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడం, వచ్చాక రంగుల లెక్క పోయింది. నాలుగు రంగులూ ఒకే ఖర్చు. దాంతోపాటు ముందుగా కలిసి మాట్లాడుకోవడమూ పోయింది. బొమ్మ ఎక్కడో వేస్తారు, టైటిల్ ఇంకెక్కడో పెడతారు, ఒకరి మొహం ఒకరు చూడరు. తీరా అట్ట వచ్చేసరికి వరూధిని నుదుటి మీద మహాకవి పేరు. దీనికి మందు తేలికే: బొమ్మ వేయించేటప్పుడే టైటిల్‌ను అసలు సైజులో ట్రేసింగ్ కాగితం మీద అచ్చు తీసి, పెన్సిల్ స్కెచ్ మీద పరిచి చూడాలి. స్కెచ్ దశలో మార్చడానికి పది నిమిషాలు, రంగులేశాక మార్చడానికి స్నేహం ఖర్చవుతుంది.

కొత్త పద్ధతికీ దాని తెగుళ్లు దానికున్నాయి. తెర మీద మెరిసే పసుపు, చిలకపచ్చ నాలుగు రంగుల సిరాలో రావు, మసకబారతాయి. ఆర్టిస్టు కంప్యూటర్లోనే వేస్తుంటే మొదటి నుంచీ సీఎమ్‌వైకేలో, అంటే అచ్చుకు వాడే నాలుగు సిరాల లెక్కలో, చూసుకుంటూ వేయమనాలి. మన ఒంటి రంగుకు పసుపు పాలు ఎరుపు కంటే కాస్త ఎక్కువుండాలి. నీలం పెరిగిందంటే మనిషి జబ్బుపడ్డట్టు కనిపిస్తాడు. నీటిరంగుల బొమ్మను స్కాన్ చేస్తే లేత పసుపు పూత ఎగిరిపోతుంది, తడికి ముడతలు పడ్డ కాగితం నీడలు మాత్రం చక్కగా వస్తాయి. బంగారు రంగు పూసిన నగలు స్కానర్లో బురద రంగుకు తిరుగుతాయి. బంగారం కావాలంటే ఆ చోటు ఖాళీగా వదిలి, దానికి వేరే పొర చేసి, మెటాలిక్ సిరాతోనో ఫాయిల్‌తోనో వేయించాలి. బోర్డర్‌గా కలంకారీ గుడ్డ ఫొటో పెడదామన్న ఆలోచన అందరికీ వస్తుంది. గుడ్డ నేతకూ అచ్చు చుక్కలకూ పొంతన కుదరక అలలు అలలుగా చారలు తేలతాయి. శ్రీకాళహస్తి కలంపనివారి చేత కాగితం మీదే గీయించడం మేలు. అప్పుడు బొమ్మ వాళ్ల పేరున ఉంటుంది, డబ్బూ వాళ్లకు చేరుతుంది.

మాట్ లామినేషన్, అంటే అట్ట మీద మెరుపు లేని ప్లాస్టిక్ పొర అంటించడం, ఈమధ్య మోజు. అది వేస్తే రంగు ఒక మెట్టు దిగుతుంది, నలుపు బూడిదవుతుంది. ప్రూఫ్‌లో చూసిన ముదురు నీలం అలాగే కావాలంటే ఫైల్లో ఆ రంగును ముందే కొంచెం పెంచి పెట్టుకోవాలి. సిరా ఆరకుండా లామినేట్ చేస్తే బుడగలు లేస్తాయి. ఒక్కవైపే ఫిల్ము అంటించిన అట్ట తేమ గాలికి పైకి చుట్టుకుంటుంది. ఆ లోపం తగ్గాలంటే అట్టకార్డు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) దాకా ఉండాలి, కాగితంలోని నార నడిచే దిశ అట్ట నిలువుకు సరిపోయేలా కోయాలి. బార్‌కోడ్ ఎర్రగా వేస్తే చదివే యంత్రాల్లో చాలా వాటికి కనిపించదు, ఎందుకంటే వాటి వెలుగే ఎరుపు.

వెన్ను మందం ఇంకా అందాజాగానే వేస్తున్నారు. 320 పేజీలంటే 160 ఆకులు, 70 జీఎస్‌ఎం ‘మాప్‌లితో’ రకం కాగితమైతే ఆకు మందం దగ్గర దగ్గర 0.1 మిల్లీమీటరు, అంటే 16 మిల్లీమీటర్లు. అదే బరువులో ఉబ్బు కాగితం వాడితే 19 దాకా పోతుంది. దారంతో కుట్టిస్తే వెన్ను దగ్గర ఇంకొంచెం లావెక్కుతుంది. అందుకే అదే కాగితంతో బైండరు దగ్గర ఖాళీ డమ్మీ చేయించి కొలవాలి. లేకపోతే వెన్ను మీది పేరు ముందు అట్ట మీదికి వంగి చూస్తుంది. పేరును ఒక్కో అక్షరం కింద ఒక్కోటి పేర్చే పద్ధతి తెలుగుకు పనికిరాదు, ఒత్తులు కింది అక్షరం నెత్తిన పడతాయి. అడ్డంగా తిప్పి, పై నుంచి కిందికి చదివేలా రాయాలి. అప్పుడు పుస్తకం బల్ల మీద వెల్లకిలా ఉన్నా పేరు నిటారుగా కనిపిస్తుంది. పాత తెలుగు పుస్తకాల్లో కొన్ని కింది నుంచి పైకి ఉంటాయి. అందుకే బీరువా ముందు నిలబడితే మెడ అటోసారి ఇటోసారి వంచాల్సొస్తుంది.

ఒరిజినల్ తిరిగి ఆర్టిస్టుకు చేరడం అన్నది ఆ రోజుల్లోనూ గట్టిగా పాటించని మర్యాద. బ్లాకు తయారయ్యాక బొమ్మ బ్లాకుల దుకాణంలో అటక మీదికి వెళ్లిపోయేది. జింకు బ్లాకులు మాత్రం చెక్కదిమ్మతో సహా ప్రెస్సులోనే ఉండేవి, రెండో ముద్రణకు కావాలి కదా. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి, పైన పుస్తకం పేరు రాసి గూట్లో పెట్టేవాళ్లు. రెండో ముద్రణ రాకపోతే కొన్నేళ్లకు అవి పాత లోహం కింద తూకానికి పోయేవి. ఒరిజినల్ లేదు, బ్లాకు లేదు, మిగిలింది అట్ట ఒక్కటే.

ఇంకోటి కూడా మిగిలేది. కొత్త అట్ట మిషనెక్కించినప్పుడు ఒత్తిడి, సిరా, రిజిస్టర్ కుదిరేదాకా మంచి కాగితం పాడుచేయరు, పాత అట్టల వేస్టు షీట్ల మీదే కొట్టి చూస్తారు. ఒకే షీటు మీద ఇవాళ ఒకటి, వచ్చే వారం ఇంకోటి. అలా నాలుగైదు అట్టలు ఎక్కిన షీట్లు చివరికి పుస్తకాల కట్టలకు చుట్టు కాగితంగా వెళ్లేవి. పార్సిలు విప్పితే డిటెక్టివు టోపీ మీదుగా మంచులో నడుస్తున్న ప్రవరుడు, అతని వీపు మీద వంటల పుస్తకం తాలూకు గుమ్మడికాయ, పైన ఎర్రగా ఏ పుస్తకానిదో టైటిల్‌లో సగం.